ఆఫ్రికా నగరాలను ఏ కొలబద్దతో కొలవాలి?

వలస పాలనకు ముందు ఆఫ్రికాలో నగరాలు ఉండేవా అని అడిగితే, తెలుగులో నాకు ఇప్పటివరకు దొరికిన జవాబులు రెండే రకాలు. ఒకటి చిన్నప్పుడు బడిలో విన్నది: అది చీకటి ఖండం, అక్కడ అడవులూ ఎడారులూ తెగలూ తప్ప చెప్పుకోదగ్గదేమీ లేదు, యూరప్ నుంచి అన్వేషకులు వెళ్లిన తరువాతే అక్కడి నదులకూ సరస్సులకూ చరిత్ర మొదలైంది. రెండవది ఇటీవల ఫోన్లలో తిరుగుతున్నది: మాలి సామ్రాజ్యాన్ని ఏలిన మాన్సా మూసా మానవ చరిత్రలోకెల్లా ధనవంతుడు, 1324లో ఆయన హజ్ యాత్రకు వెళ్తూ కైరోలో పంచిన బంగారం వల్ల అక్కడ బంగారం విలువే పడిపోయింది. మొదటి జవాబు అబద్ధం. రెండవదానిలో, అందరికంటే ధనవంతుడన్న లెక్కను పక్కన పెడితే, చాలావరకు నిజముంది. బంగారం విలువ పడిపోయిన సంగతిని అల్ ఉమరీ అనే అరబ్బు రచయిత కొన్నేళ్ల తరువాత కైరోలోనే విని రాసిపెట్టాడు. అయితే ఈ రెండు జవాబులనూ పక్కపక్కన పెట్టి చూస్తే, వాటి మధ్య ఉన్న పోలిక నన్ను కలవరపెడుతుంది. రెండింటికీ నాగరికత అంటే రాజు, కోట, ఖజానా. ఒకటి అవి అక్కడ లేవంటుంది, మరొకటి అందరికంటే ఎక్కువే ఉన్నాయంటుంది. ఆ కొలబద్ద ఎవరి చేతిలో తయారైందో, దానితో కొలిచినప్పుడు ఏవి కంటికి ఆనకుండా పోతాయో ఏ జవాబూ పట్టించుకోదు.

ఒక చోటును నగరమని ఒప్పుకోవాలంటే అక్కడి మనుషులు ఏం తిన్నారో, ఏ నీళ్లు తాగారో, ఏయే వృత్తులవారు ఇరుగుపొరుగున బతికారో, చుట్టుపక్కల పల్లెలతో వారి ఇచ్చిపుచ్చుకోవడాలు ఎలా సాగాయో ముందు అడగాలని నా వాదన. అలా అడిగితే ఆఫ్రికా నగరాలు మనకు తెలిసిన నగరాల పక్కన నిలబడటమే కాదు, నగరం అంటే ఏమిటన్న మన అవగాహననే విస్తరింపజేస్తాయి.

గ్రేట్ జింబాబ్వేతో మొదలుపెడతాను, ఎందుకంటే పాత కొలబద్ద చేసిన హాని అక్కడ అన్నిటికంటే స్పష్టంగా కనిపిస్తుంది. నేటి జింబాబ్వే దేశంలో, మస్వింగో పట్టణానికి దగ్గరలో, సుమారు 720 హెక్టార్లలో పరచుకున్న ఈ శిథిల నగరం 11వ శతాబ్దం నుంచి 15వ శతాబ్దం వరకు వర్ధిల్లింది. దానిని కట్టినవారు నేటి షోనా ప్రజల పూర్వీకులు. కొండ మీద ఒక కట్టడాల సముదాయం, దిగువన మహాప్రాకారం, రెంటి నడుమ లోయలో మరికొన్ని ఆవరణలు ఉన్నాయి. మహాప్రాకారం చుట్టుకొలత దాదాపు 250 మీటర్లు, ఎత్తు కొన్నిచోట్ల 11 మీటర్లు, అడుగున మందం సుమారు 5 మీటర్లు. ఇంత గోడలో సున్నం గానీ అడుసు గానీ లేదు. ఆ ప్రాంతపు గ్రానైటు గుట్టలు పగటి ఎండకు వేడెక్కి, రాత్రి చలికి చల్లబడి, పైపొరలు పలకలుగా లేచి వస్తాయి. నిప్పు రాజేసి, దానిమీద నీళ్లు పోసి, ఆ పనిని మనుషులు తొందరపెట్టవచ్చు. అలా దొరికిన పలకలను ఇటుకల పరిమాణానికి కొట్టి, ఒక్కో వరుసను కింది వరుసకంటే కాస్త లోపలికి జరుపుతూ పేర్చారు. అందుచేత గోడ పైకి పోయేకొద్దీ లోపలికి ఒరిగి, తన బరువును తానే నిలుపుకుంటుంది. వరుసలు సరిగా కుదరని తొలినాటి గోడలూ, గీత గీసినట్టు సాగే తరువాతి గోడలూ అక్కడ రెండూ ఉన్నాయి. ఆ విద్య ఎక్కడినుంచో పూర్తిరూపంలో దిగుమతి కాలేదని, తరాల తరబడి అక్కడే చేతులు తిరిగి మెరుగుపడిందని చూపడానికి ఆ తేడా ఒక్కటే చాలు.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఆ గోడలు ఏ పైకప్పునూ మోయలేదు. మనుషులు నివసించిన ఇళ్లు మట్టితో కట్టినవి. నున్నగా మెత్తి, గట్టిపరచి, పైన గడ్డి కప్పిన గుండ్రటి ఇళ్లు. రాతి గోడలు వాటిని చుట్టి ఉన్న ఆవరణలు మాత్రమే, అవి కూడా పై అంతస్తువారికి చెందినవి. సామాన్యుల మట్టి ఇళ్లు గోడల బయట దగ్గరదగ్గరగా ఉండేవి. వానలకు మట్టి కరిగింది, రాయి మిగిలింది, చూడవచ్చినవారి కళ్లు రాతిమీదనే నిలిచాయి. నగరంలో ఎక్కువమంది బతికిన భాగం ఆ విధంగా లెక్కలోంచి జారిపోయింది.

ఆ మట్టి ఇళ్లవాళ్లు పశువులను మేపారు, జొన్నలు, రాగులు, బొబ్బర్లు పండించారు. ఈ మూడు పంటలనూ మొట్టమొదట సాగులోకి తెచ్చింది ఆఫ్రికా రైతులే. మన రాయలసీమ సంగటి, తెలంగాణ జొన్నరొట్టె కొన్ని వేల ఏళ్ల కిందట సముద్రం దాటి వచ్చిన ఆ గింజల వారసత్వమే. ఆఫ్రికా మనకేమిచ్చిందని అడిగేవారికి నేను మొదట గుర్తుచేసేది ఇదే.

పంట, పశువుల తరువాత వర్తకం. జింబాబ్వే పీఠభూమిలోని బంగారం, దంతాలు తూర్పు తీరానికి, అక్కడినుంచి హిందూ మహాసముద్రం మీదుగా అరేబియాకు, పర్షియాకు, భారతదేశానికి వెళ్లేవి. తిరిగి వచ్చిన సరుకుల ఆనవాళ్లు గ్రేట్ జింబాబ్వే తవ్వకాల్లో దొరికాయి: లేత ఆకుపచ్చ చైనా పింగాణీ ముక్కలు, పర్షియా పాత్ర, కిల్వా నగరంలో ముద్రించిన నాణెం, రంగురంగుల గాజుపూసలు. దక్షిణాఫ్రికా నుంచి జింబాబ్వే వరకు ఆ కాలపు ఊళ్లలో దొరికే పూసల్లో భారతదేశంలో తయారైనవి చాలా ఉన్నాయి. నేటి పుదుచ్చేరి దగ్గరి అరికమేడు వంటి చోట్ల గాజును గొట్టంలా సాగదీసి ముక్కలుగా కోసే పద్ధతి పుట్టింది. అదే పద్ధతిలో చేసిన పూసలు లింపోపో నది ఒడ్డున మెడల్లో మెరిశాయి. గ్రేట్ జింబాబ్వే ఉచ్చస్థితికి చేరకముందే, 13వ శతాబ్దంలో, ఆ నది ఒడ్డున మపుంగుబ్వే అనే రాజ్యం ఉండేది. అక్కడి ఒక సమాధిలో చెక్కమీద పలచటి బంగారు రేకు తాపిన చిన్న ఖడ్గమృగం బొమ్మ 1930లలో బయటపడింది.

ఇంత స్పష్టంగా స్థానికమైన నగరాన్ని దాని సొంతదారులనుంచి ఎలా లాక్కున్నారో వివరంగా చెప్పుకోవాలి. కార్ల్ మౌఖ్ అనే జర్మన్ యాత్రికుడు 1871లో అక్కడికి చేరుకున్నాడు. ద్వారం మీది దూలం నుంచి ఒక చెక్కపేడు తీసి వాసన చూశాడు. అది తన పెన్సిలు చెక్కలా ఉందనిపించింది. పెన్సిలు దేవదారుతో చేసేది గనుక ఇది లెబనాన్ దేవదారు అయి ఉండాలి, కనుక దీనిని ఫినీషియన్లు, అంటే ప్రాచీన లెబనాన్ తీరపు వర్తకులు, తెచ్చి ఉండాలి, కనుక ఇది బైబిల్లోని షీబా రాణి నగరమే అయి ఉండాలని తీర్మానించాడు. అది ఆ చుట్టుపక్కల పెరిగే చెట్టు కలప. ఆ తరువాత బ్రిటిష్ వ్యాపారి సెసిల్ రోడ్స్ కంపెనీ ఆ దేశాన్ని ఆక్రమించింది, ఆ కంపెనీ అండతో 1891లో థియోడర్ బెంట్ తవ్వకాలు జరిపి, కట్టినవారు బయటినుంచి వచ్చినవారేనని రాశాడు. శిథిలాల పర్యవేక్షకుడిగా 1902లో నియమితుడైన రిచర్డ్ హాల్ చేసింది అన్నిటికంటే ఘోరం. నల్లవారి నివాసపు చెత్తను తొలగించి అసలైన ప్రాచీన నగరాన్ని బయటపెడుతున్నానని చెప్పి, మీటర్ల లోతు మట్టిపొరలను తవ్వి పారబోయించాడు. ఆ పొరల్లోనే ఆ నగర చరిత్ర ఉంది. ఎవరి పొయ్యి ఎక్కడుందో, ఏ కాలంలో ఏ కుండ వాడారో చెప్పగల సాక్ష్యం అలా పోయింది, అది ఇక తిరిగి రాదు.

నిజం తెలియక ఇదంతా జరిగిందని సరిపెట్టుకోవడానికి వీల్లేదు. డేవిడ్ రాండల్ మెకైవర్ 1905లోనే తవ్వకాలు జరిపి, ఇది మధ్యయుగపు ఆఫ్రికన్ కట్టడమని తేల్చాడు. గెర్ట్రూడ్ కేటన్ థాంప్సన్ 1929లో మరింత జాగ్రత్తగా పరిశీలించి అదే మాట చెప్పింది. శాస్త్రరీత్యా వివాదం అప్పటికే ముగిసింది. అయినా 1965లో తెల్లవారి ప్రభుత్వం ఏకపక్షంగా స్వాతంత్ర్యం ప్రకటించుకున్న తరువాత, రొడీషియాలో (నేటి జింబాబ్వేకు అప్పటి పేరు) పర్యాటకుల పుస్తకాలూ మ్యూజియం వివరణలూ ఆ నిజాన్ని సూటిగా చెప్పకుండా ఒత్తిడి తెచ్చారు. పురావస్తు శాస్త్రవేత్త పీటర్ గార్లేక్ 1970లో దేశం విడిచి వెళ్లవలసి వచ్చింది. కారణం తెలిసిందే: ఈ నేల మనుషులు నగరం కట్టగలిగారని ఒప్పుకుంటే, ఈ నేలను పాలించడం రాదని వారినుంచి అధికారం లాక్కున్న వాదన కూలిపోతుంది. 1980లో స్వతంత్రమైన దేశం ఆ శిథిల నగరం పేరునే తన పేరుగా పెట్టుకుని, అక్కడ దొరికిన బలపపు రాతి పక్షిని జెండామీదికి ఎక్కించుకోవడానికి వెనక ఈ నూరేళ్ల అవమానం ఉంది.

ఇదే మనస్తత్వం నైజీరియాలోనూ పనిచేసింది. ఇఫే నగరంలో దొరికిన శిల్పాలను, ఊపిరి పీలుస్తున్నట్టుండే మనిషి తలలను, 1910లో చూసిన లియో ఫ్రోబేనియస్ అవి సముద్రంలో మునిగిపోయిన అట్లాంటిస్ నుంచి వచ్చిన గ్రీకుల వారసత్వమని నమ్మాడు. ఆ నగరంలో యోరుబా శిల్పులు మైనంతో బొమ్మ చేసి, మట్టి మెత్తి, మైనం కరిగించి తీసి, ఆ ఖాళీలో కరిగిన లోహం పోసి ఇలాంటి తలలను పోత పోశారు. కుండపెంకులను అంచుమీద నిలబెట్టి వీధులకూ ముంగిళ్లకూ తాపడం చేశారు. ఒక లోకాన్నే కల్పించడానికి సిద్ధపడ్డ పండితుడికి, ఎదురుగా నిలబడి ఉన్న యోరుబా మనిషి తాతలు ఆ పని చేశారని ఊహించడం మాత్రం సాధ్యం కాలేదు.

మళ్లీ తూర్పు తీరానికి వస్తాను. నేటి టాంజానియా దక్షిణ తీరంలో కిల్వా అనే చిన్న దీవి ఉంది. జింబాబ్వే బంగారం నేటి మొజాంబిక్ తీరంలోని సోఫాలా రేవుకు దిగి, అక్కడినుంచి ఉత్తరానికి వెళ్లే దారిమీద కిల్వా సుల్తానులు పట్టు సాధించారు. 1331లో అక్కడికి వచ్చిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా, తాను చూసిన నగరాల్లోకెల్లా అందంగా, చక్కగా కట్టిన వాటిలో ఇది ఒకటని రాశాడు. ఆ ఊళ్లో ఎక్కువమంది నల్లటి ఒంటి రంగువారని, ముఖాలమీద గాట్లు పెట్టుకునేవారని కూడా రాశాడు. కిల్వాలో కట్టడపు రాయి పగడపు రాయి. సముద్రంలోంచి తీసిన పచ్చి పగడం మెత్తగా ఉన్నప్పుడే చెక్కుతారు, ఆరిన తరువాత గట్టిపడుతుంది. అదే పగడాన్ని కాల్చి సున్నం చేస్తారు. ఆ రాయితో, ఆ సున్నంతో గుమ్మటాలూ కమానులూ ఉన్న పెద్ద మసీదును విస్తరించారు. వందకు పైగా గదులూ ఎనిమిది పలకల స్నానవాపీ ఉన్న హుసూనీ కుబ్వా అనే రాజప్రాసాదాన్ని సముద్రపు గట్టుమీద కట్టారు. సొంతంగా రాగి నాణేలు ముద్రించారు.

కిల్వా, మొంబాసా, మలిందీ వంటి తీరనగరాలు చాలాకాలం అరబ్బుల, పర్షియన్ల వలసలుగానే పుస్తకాలకెక్కాయి. కిల్వా సొంత చరిత్ర గ్రంథం కూడా పర్షియాలోని షీరాజు నుంచి వచ్చిన రాకుమారుడే తమ మూలపురుషుడని చెప్పుకుంటుంది. అయితే కెన్యా తీరంలోని షంగా అనే ఊరి తవ్వకాల్లో రాతి మసీదు అడుగున చెక్కతో కట్టిన పాత మసీదులు బయటపడ్డాయి, అవి 8వ శతాబ్దం నుంచి మొదలవుతాయి. స్థానికులు తమ ఇళ్లు కట్టుకునే మట్టితో, కలపతో మొదలుపెట్టి క్రమంగా పగడపు రాతికి మారారు. 2023లో వెలువడిన ప్రాచీన డీఎన్‌ఏ పరిశోధన మరింత ఆసక్తికరమైన సంగతి చెప్పింది: ఆ తీరనగరాల్లోని సమాధుల్లో పరీక్షించిన మనుషుల తల్లుల వంశం దాదాపు పూర్తిగా ఆఫ్రికాది, తండ్రుల వంశంలో పర్షియా వాటా పెద్దది, ఆ కలయిక సుమారు వెయ్యేళ్ల కిందట మొదలైంది. అంటే షీరాజు కథ ఉత్త కల్పన కాదు. కానీ వచ్చిన వర్తకులు అక్కడి ఇళ్లలో అల్లుళ్లయ్యారు, వారి పిల్లలు తల్లుల భాష మాట్లాడారు, ఆ తీరపు భాష స్వాహిలీ ఆఫ్రికాకు చెందిన బంటూ కుటుంబపు భాషగానే నిలిచింది. ఈ నిజాన్ని దాచిపెట్టి "అంతా స్థానికమే" అని గట్టిగా అరవడం కూడా నాకు సమ్మతం కాదు. బయటివారిని కలుపుకుని తనదిగా మార్చుకోగలగడం రేవు నగరానికి ఉండవలసిన బలం. ఆ బలం వెనిస్‌లో కనిపిస్తే ప్రతిభ అని, కిల్వాలో కనిపిస్తే అరువు అని రాయడం న్యాయం కాదు.

సోఫాలా గురించి దువార్తె బర్బోసా అనే పోర్చుగీసు ఉద్యోగి 16వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో రాసిన ఒక వివరం నాకు చాలా ఇష్టం. అక్కడివారు పత్తి పండించి తెల్లబట్ట నేస్తారని, రంగులు లేనందువల్ల గుజరాతులోని ఖంబాత్ నుంచి వచ్చిన రంగుబట్టలను పోగు పోగుగా విప్పి, ఆ పోగులను తమ తెల్ల నూలుతో కలిపి కొత్త బట్ట నేస్తారని ఆయన రాశాడు. మగ్గం తెలిసిన తెలుగు పాఠకుడికి ఆ పనిలోని ఓపిక, నేర్పు వేరే చెప్పనక్కర్లేదు. దిగుమతి సరుకును అలాగే కట్టుకుని ఊరుకోకుండా, దానిని ముడిసరుకుగా మార్చుకున్న నేతగాళ్లు వాళ్లు. మపుంగుబ్వేలోనూ గ్రేట్ జింబాబ్వేలోనూ కదురుకు తగిలించే గుండ్రటి మట్టి బిళ్లలు దొరికాయి గనుక నూలు వడకడం ఆ లోతట్టు నగరాల్లోనూ సాగింది. రాజుల పేర్లకంటే ఇలాంటి ఒక్క వాక్యం నాకు ఆ నగర జీవితాన్ని ఎక్కువగా దగ్గర చేస్తుంది.

1505లో పోర్చుగీసు వైస్రాయి ఫ్రాన్సిస్కో ద అల్మైదా నౌకాదళం భారతదేశానికి వస్తూ దారిలో కిల్వాను కొల్లగొట్టింది, తరువాత మొంబాసాను కొల్లగొట్టి తగలబెట్టింది. అల్మైదా ఆ తరువాత మన పశ్చిమ తీరంలో ఏం చేశాడో మనకు తెలుసు. ఒకే ప్రయాణంలో జరిగిన ఆ దాడుల్లో కేరళ భాగాన్ని మన పుస్తకాలు చెబుతాయి, కిల్వా భాగాన్ని చెప్పవు.

ఇంతవరకు చెప్పిన నగరాలకు రాజులున్నారు, రాతి కట్టడాలున్నాయి. పాత కొలబద్దకు అవి ఎలాగోలా అందుతాయి. దానికి ఎంతమాత్రం అందని నగరం మాలి దేశంలో ఉంది, నా వాదనకు అసలు ఆధారం అదే. నైజర్ నది లోతట్టు డెల్టాలో, నేటి జెన్నే పట్టణానికి సుమారు 3 కిలోమీటర్ల దూరంలో, జెన్నే జెనో అనే పెద్ద దిబ్బ ఉంది. సుసాన్ మెకింటాష్, రోడరిక్ మెకింటాష్ దంపతులు 1977లో, మళ్లీ 1981లో అక్కడ తవ్వేంతవరకు, పశ్చిమాఫ్రికాలో నగరాలు సహారా దాటి వచ్చిన అరబ్బు వర్తకుల వల్లనే పుట్టాయన్నది స్థిరపడిన అభిప్రాయం. తవ్వకాల్లో తేలిందేమిటంటే, క్రీస్తుపూర్వం 250 ప్రాంతంలోనే అక్కడ జనం స్థిరపడ్డారు, ఇనుము కరిగించారు, ఆఫ్రికాలోనే సాగులోకి వచ్చిన వరి పండించారు. క్రీస్తుశకం 800 నాటికి ఆ ఊరు సుమారు 33 హెక్టార్లకు పెరిగింది, చుట్టూ దాదాపు 2 కిలోమీటర్ల పొడవున గోడ ఉండేది. ఇస్లాం గానీ అరబ్బు ఒంటెల బిడారులు గానీ రాకముందే అది పట్టణమైపోయింది.

ఆ వరద మైదానంలో రాయి లేదు, ఇనుప ఖనిజం లేదు, రాగి లేదు, ఉప్పు లేదు. ఉన్నవి వరి, చేపలు, పశువులు. లేనివన్నీ దూరంనుంచి పడవల మీద తెచ్చుకోవాలి, వాటికి బదులుగా ధాన్యం, ఎండుచేపలు పంపాలి. నగరం పుట్టడానికి ఆ అవసరమే సరిపోయింది. ఇంకా విశేషం దాని అమరిక. పెద్ద దిబ్బకు 4 కిలోమీటర్ల పరిధిలో దాదాపు 70 చిన్న దిబ్బలు ఉన్నాయి. వాటిలో చాలావరకు ఒకే కాలంలో జనం నివసించినవి. ఒక దిబ్బమీద ఇనుప చిట్టెం కుప్పలుగా దొరికితే, మరొకచోట చేపల వలలకు కట్టే బరువులు ఎక్కువగా దొరికాయి. కమ్మరులు, జాలరులు, రైతులు, నేతగాళ్లు ఎవరి దిబ్బమీద వారు తమ కట్టుబాట్లతో ఉంటూ, పిలిస్తే పలికేంత దగ్గరలో బతికారు. అంత పెద్ద జనావాసంలో రాజప్రాసాదం దొరకలేదు, కోట దొరకలేదు, మిగతావారికంటే అమితంగా సంపన్నుడైన ఒక్క పాలకుడి సమాధీ దొరకలేదు. వెయ్యేళ్లకు పైగా ఆ నగరం నిలిచింది.

పాత కొలబద్ద ఇక్కడ చేతులెత్తేస్తుంది. దాని ప్రకారం రాజు లేనిచోట నగరం ఉండకూడదు. వేలమంది వేర్వేరు వృత్తులవారు, ఒక్క అధికారి కింద అణిగి ఉండనవసరం లేకుండా, పరస్పర అవసరంతోనూ ఆచారంతోనూ కలిసి బతికిన ఏర్పాటును నాగరికతగా గుర్తించలేని నిర్వచనం, దోషం తనలోనే ఉందని ఒప్పుకోవాలి. మాన్సా మూసా బంగారాన్ని తలచుకుని గర్వపడే మిత్రులు ఎంతోమంది జెన్నే జెనో పేరు వినలేదు. నాకు మాత్రం ఈ రెండింటిలో ఏది మానవజాతి సాధించిన గొప్ప విషయమని అడిగితే సందేహం లేదు.

ఆ అల్లిక తరువాతి జెన్నే పట్టణంలోనూ కొనసాగింది. 17వ శతాబ్దంలో, సహారా అంచున ఉన్న టింబక్టూ నగరంలో చరిత్ర రాసిన అల్ సాదీ, టింబక్టూకు నలుదిక్కులనుంచి బిడారులు రావడానికి కారణం జెన్నేయేనని రాశాడు. జెన్నే నేలలో 7,077 పల్లెలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయని, దూరపు పల్లెలోని మనిషిని సుల్తాను పిలిపించాలంటే మనిషిని పంపనక్కర్లేదని, కోట వాకిట నిలబడి కేకవేస్తే పల్లెనుంచి పల్లెకు ఆ మాట అందుకుంటూ వెళ్లి చేరుతుందని చెప్పాడు. ఆ అంకెను జనాభా లెక్కగా తీసుకోనక్కర్లేదు. ఒక పట్టణం గొప్పదనాన్ని దాని పల్లెల దగ్గరితనంతో చెప్పాలని ఆ రచయితకు తోచింది, అది నన్ను కదిలిస్తుంది. ఆయన రాసుకున్న టింబక్టూలో పుస్తకాలు మంచి లాభం తెచ్చే సరుకు. 1591లో మొరాకో సేనలు సోంఘాయ్ రాజ్యాన్ని ఓడించి, ఆ తరువాత పండితులను బందీలుగా తీసుకుపోయినప్పుడు, వారిలో ఒకరైన అహ్మద్ బాబా తన 1,600 పుస్తకాలు దోపిడీకి గురయ్యాయని, తన బంధువులందరిలో తన గ్రంథాలయమే చిన్నదని చెప్పుకున్నాడు.

బెనిన్ గురించి కొంచెం చెప్పకుండా ముందుకు పోలేను. నేటి నైజీరియాలోని ఆ నగరాన్ని 15వ శతాబ్దంలో ఎవువారే అనే ఓబా (అక్కడి రాజు) విశాలమైన వీధులతో, కందకాలతో, మట్టికట్టలతో తీర్చిదిద్దాడు. ఇత్తడి పోతగాళ్లకు సొంత వీధి ఉండేది, ఇగున్ వీధిలో ఆ వృత్తి నేటికీ సాగుతోంది. 1897 ఫిబ్రవరిలో బ్రిటిష్ దండు నగరాన్ని పట్టుకుంది, నగరం తగలబడింది, వేల సంఖ్యలో ఇత్తడి, దంతపు శిల్పాలు లండన్‌కూ అక్కడినుంచి యూరప్ మ్యూజియాలకూ చేరాయి. వాటి పనితనం చూసి నిర్ఘాంతపోయిన పండితులు, పోర్చుగీసులు నేర్పి ఉంటారా, ఈజిప్టు నుంచి వచ్చి ఉంటుందా అని తర్కించారు. మౌఖ్ వాసన చూసిన చెక్కపేడు మళ్లీ ఇక్కడ కనిపిస్తుంది.

ఈ నగరాలను స్వర్గాలుగా చూపడం నా ఉద్దేశం కాదు. కిల్వా బానిసల వ్యాపారంలో భాగం పంచుకుంది. బెనిన్ బందీలను అమ్మింది, కొన్ని తరాలపాటు మగబందీల అమ్మకాన్ని నిలిపివేసినా తరువాత మళ్లీ మొదలుపెట్టింది. అక్కడ నరబలి ఉండేది, బ్రిటిష్ వారు తమ దాడిని సమర్థించుకోవడానికి దానినే ప్రచారం చేశారు. గ్రేట్ జింబాబ్వే, జెన్నే జెనో యూరప్ వారు రాకముందే, 15వ శతాబ్దంలో లేదా దానికి ముందే ఖాళీ అయ్యాయి. వాటి పతనానికి వలస పాలనను తప్పుపట్టలేం. ఏథెన్సులో బానిసలున్నారని దాని నగరత్వాన్ని ఎవరూ కాదనరు. ఆఫ్రికా నగరాలకూ అదే న్యాయం కావాలి, అంతకంటే ఎక్కువ అక్కర్లేదు.

ఈ విషయం మనకు అంత దూరపుదీ కాదు. హైదరాబాదులో ఏ.సీ. గార్డ్స్ అని మనం పిలిచే బస్తీ నిజాం కొలువులోని ఆఫ్రికన్ అశ్వికదళం పేరుమీద ఏర్పడింది, వారి వారసులు ఇప్పటికీ అక్కడ ఉన్నారు. ఇథియోపియాలో పుట్టి, బానిసగా చేతులు మారుతూ దక్కనుకు చేరిన మాలిక్ అంబర్, అహ్మద్‌నగర్ రాజ్యానికి సర్వాధికారి అయి, 1610లో ఖడ్కీ నగరాన్ని స్థాపించి, భూగర్భ కాలువల ద్వారా దానికి నీళ్లు తెప్పించాడు. అదే తరువాత ఔరంగాబాద్ అయింది, 1948 వరకు హైదరాబాద్ రాజ్యంలో ఉంది. ఆయన పుట్టిన దేశంలో మూడవ శతాబ్దంలోనే అక్సూం రాజులు సొంత బంగారు నాణేలు ముద్రించారు, తరువాతి శతాబ్దాల్లో లాలిబెలాలో ఏకశిలను తొలిచి 11 చర్చీలు చెక్కారు. మన బడిపుస్తకం మాలిక్ అంబర్‌ను చెప్పేటప్పుడు హబ్షీ బానిస అంటుంది, ఆయన వచ్చిన దేశానికి నగరాల చరిత్ర ఉందని ఒక్క వాక్యం కూడా కలపదు.

ఇప్పుడు గ్రేట్ జింబాబ్వేలో జరుగుతున్న పని నాకు చాలా ఆశ కలిగిస్తుంది. హాల్ పారబోసిన పొరలు తిరిగి రావు, కానీ ఆ దేశంలోనే పుట్టి పెరిగిన పురావస్తు శాస్త్రవేత్తలు ఇప్పుడు ఆ నేలను చదువుతున్నారు. ఇళ్లకు మట్టి తీసిన గుంతలుగా మాత్రమే ఇన్నాళ్లూ భావించిన పల్లాలు నిజానికి వాననీటినీ ఊటనీటినీ నిలవచేసుకునే ఏర్పాట్లని ఇన్నొసెంట్ పికిరాయీ బృందం 2022లో వాదించింది. అంటే గోడలను వదిలి నీళ్ల సంగతి అడిగారు. షాడ్రెక్ చిరికురే, ఆయన సహచరులు 2017లో జనాభా ప్రశ్నను మళ్లీ తెరిచారు. అంతకుముందు 18,000 నుంచి 20,000 మంది ఉండేవారని పుస్తకాలన్నీ రాసేవి. ఇళ్ల విస్తీర్ణాన్నీ, వేర్వేరు భాగాల్లో జనం ఉన్న కాలాలనూ లెక్కగట్టి, ఏ ఒక్క సమయంలోనూ 10,000 మించి ఉండే అవకాశం లేదని వారు తేల్చారు. తమ జాతీయ జెండామీద ఉన్న నగరపు జనాభాను తామే సగానికి తగ్గించారు. గొప్ప చెప్పుకోవడానికి పెద్ద అంకె కావాలన్న ఒత్తిడి వారిమీద లేదు. ఆ పదివేలలోపు మనుషులు ఎక్కడ పడుకున్నారో, ఏ గుంతలోంచి నీళ్లు ముంచుకున్నారో తెలుసుకోవడమే వారికి ముఖ్యమైంది.